జీర్ణకోశంలో రోగక్రిములు కాలూనేదెలా?

ఉప్పల్ ప్రాంతంలో నివాసం. నాచారం పారిశ్రామికవాడలో ఉద్యోగం. వయస్సు నలభై దాటింది. షిఫ్టుల పని కావటం వలన భోజనానికి వేళ అంటూ లేదు. తెల్లవారుజామున రెండు, మూడు గంటలకు కడుపులో మంటతో మెలకువ వస్తుంది. రెండు బిస్కట్లు తిని, ఒక గ్లాసు పాలు త్రాగితే సర్దుకుంటుంది. పగటిపూట మంట మొదలైతే తినేసోడా కలిపిన నిమ్మనీరు గాని, మందుల దుకాణంలో అడిగి తెచ్చుకున్న గుళిక గాని కొంత ఉపశమనం ఇస్తుంది. ‘‘గ్యాస్ ట్రబుల్, అందరికీ ఉండేదే’’ అని ఇంట్లో సరిపెట్టుకుంటారు. ఇలా నాలుగైదు సంవత్సరాలు గడిచిపోతాయి.

ఈ గృహస్థును మనం ఊహించుకున్నాము. కాని ఇటువంటి వారు లేని వీధి మన పట్టణాలలో కనిపించదు. ఆయన మంటకు కారణం వేళ తప్పిన భోజనమో, కారమో, చింతపండో మాత్రమే కాకపోవచ్చు. ఆయన జఠరకోశపు లోపలి గోడను పట్టుకుని చిన్ననాటి నుండి నివసిస్తున్న ఒక సూక్ష్మక్రిమి కావచ్చు. దానిని సోడా కదిలించలేదు. అది ఎలా పట్టుకున్నదో తెలిస్తే, ఏ చికిత్స ఎక్కడ పనిచేస్తుందో, వంటింటి వైద్యం ఎంతవరకు రక్షిస్తుందో సులభంగా అర్థమవుతుంది.

అందరూ త్రాగిన నీరే, ఒక్కరికే జబ్బు

ఒకే కుండలోని నీరు ఇంటిల్లిపాదీ త్రాగుతారు. ఒకరికి విరేచనాలు పట్టుకుంటాయి, మిగిలినవారు హాయిగా ఉంటారు. దీనికి కారణం ఏమిటి? క్రిమి కడుపులో ప్రవేశించినంత మాత్రాన రోగం రాదు. అది జీర్ణకోశపు గోడను పట్టుకోవాలి. పట్టు దొరకని క్రిమి ఆహారంతో పాటు ప్రయాణించి మలంతో బయటకు పోతుంది.

ఆ పట్టు దొరకనీయకుండా శరీరం అనేక ఏర్పాట్లు చేసుకున్నది. మొదటిది జఠరరసంలోని ఆమ్లం. మనం మ్రింగిన క్రిములలో అధికభాగం ఈ ఆమ్లంలోనే నశిస్తాయి. రెండవది శ్లేష్మపు పొర. జఠరకోశం, ప్రేగుల లోపలి గోడలపై జిగురుగా పరచుకుని ఉండే ఈ పొరలో క్రిములు చిక్కుకుని జారిపోతాయి. మూడవది ప్రేగుల కదలిక. అలలు అలలుగా సాగే ఈ కదలిక లోపలి పదార్థాన్ని నిలువనీయక ముందుకు నెడుతూ ఉంటుంది. నాలుగవది జీవకణాల మార్పిడి. చిన్నప్రేగు లోపలి గోడలోని కణాలు మూడు నుండి ఐదు రోజులకు ఒకసారి రాలిపోయి, వాటి స్థానంలో క్రొత్తవి వస్తాయి. రాలిన కణాన్ని పట్టుకున్న క్రిమి కూడా దానితో పాటే పోవలసి వస్తుంది.

ఐదవది, మన ప్రేగులలో సహజంగా నివసించే సూక్ష్మజీవులు. ఇవి గోడపై స్థలాన్నీ, అందుబాటులోని ఆహారాన్నీ ముందే ఆక్రమించుకుని ఉంటాయి. క్రొత్తగా వచ్చిన రోగక్రిమికి చోటు దొరకదు. చరక సంహిత విమానస్థానంలో ఇరవై విధాల క్రిములను పేర్కొనే సందర్భంలో, శరీరంతో పాటు ఉండే సహజ క్రిములను ఆ లెక్కలో చేర్చకుండా విడిగా ఉంచారు. సూక్ష్మదర్శిని లేని కాలపు మాట అది. నేటి సూక్ష్మజీవశాస్త్రాన్ని అందులో వెదకటం సరికాదు. అయినా క్రిములన్నీ రోగకారకాలు కావన్న వివేచన ఆనాడే ఉన్నదని గ్రహించవచ్చు.

సోడా అలవాటులోని ఒక ప్రమాదం

పైన చెప్పిన ఐదు రక్షణలలో ఆమ్లం ఎంత ముఖ్యమైనదో తెలిపే ఒక ప్రయోగం ఉన్నది. 1970ల తొలినాళ్ళలో అమెరికాలో, స్వచ్ఛందంగా ముందుకు వచ్చిన ఆరోగ్యవంతులకు కలరా క్రిములను తగిన వైద్య పర్యవేక్షణలో ఇచ్చి పరిశీలించారు. ఆమ్లం సక్రమంగా ఉన్నవారిలో రోగం కలగటానికి కోట్ల కొలది క్రిములు అవసరమయ్యాయి. ముందుగా తినేసోడా నీరు త్రాగించి ఆమ్లాన్ని తగ్గించినప్పుడు పది లక్షల క్రిములే సరిపోయాయి.

కావున ప్రతి చిన్న మంటకూ సోడా త్రాగటం, వైద్యుని సలహా లేకుండా నెలల తరబడి ఆమ్లాన్ని అణచే గుళికలు మ్రింగటం అంటే కోట ద్వారం వద్ద కాపలాను మనమే తగ్గించుకోవటం. వైద్యుడు అవసరమని వ్రాసి ఇచ్చిన మందును మాత్రం ఈ భయంతో మానరాదు. సొంత వైద్యంగా ఏళ్ళ తరబడి వాడటమే తప్పు.

ఉత్తరేణి గింజ చెప్పే పాఠం

ఇక క్రిమి పట్టు సంగతి చూద్దాం. పొలం గట్టున నడిచి వచ్చినప్పుడు పంచె అంచుకు, చీర కుచ్చెళ్ళకు ఉత్తరేణి గింజలు అంటుకుని వస్తాయి. గింజ చివరి ముళ్ళు నూలు పోగులలో ఇరుక్కుంటాయి. నున్నని రేకుపై అదే గింజ నిలువదు. అంటే పట్టుకునే ముల్లు ఒకవైపు, పట్టునిచ్చే పోగు మరొకవైపు ఉండాలి.

రోగక్రిముల విషయమూ ఇటువంటిదే. వాటి శరీరంపై నూగు వంటి సన్నని పోగులు, వాటి కొసల్లో ప్రత్యేకమైన మాంసకృత్తులు ఉంటాయి. మన జీవకణాల ఉపరితలంపై చక్కెర జాతి పదార్థాల గొలుసులు వ్రేలాడుతూ ఉంటాయి. ఒక్కొక్క క్రిమి మాంసకృత్తు ఒక్కొక్క రకపు చక్కెర గొలుసునే పట్టుకోగలదు. తాళానికి సరిపోయే తాళంచెవి వలె ఈ రెండూ కుదరాలి. శాస్త్రజ్ఞులు కణం వైపు ఉండే తాళాన్ని గ్రాహకం అంటారు. కొన్ని క్రిములు మనిషికి సోకి పశువులకు సోకకపోవటానికి, కొన్ని జఠరకోశంలో, మరికొన్ని పెద్దప్రేగులో మాత్రమే నిలువటానికి ఉన్న కారణాలలో ఇది ముఖ్యమైనది.

రక్తపు గ్రూపును నిర్ణయించేవి కూడా ఇటువంటి చక్కెర గొలుసులే. ఓ గ్రూపు రక్తం గలవారిలో చిన్నప్రేగు మొదటి భాగంలో పుండ్లు ఎక్కువగా కనిపిస్తాయని 1950లలోనే వైద్యులు గమనించారు. ఓ గ్రూపుకు సంబంధించిన లూయిస్-బి అనే చక్కెర గొలుసును జఠరకోశంలో నివసించే ఒక క్రిమి పట్టుకుంటుందని 1993లో తేలింది. ఆ పట్టుకునే మాంసకృత్తును 1998లో గుర్తించి దానికి బాబ్-ఎ అని పేరు పెట్టారు. ఓ గ్రూపువారందరికీ పుండు వస్తుందని దీని అర్థం కాదు. ఇతర గ్రూపులవారు నిశ్చింతగా ఉండవచ్చనీ కాదు. ఆ క్రిమికి పట్టుకునే ఉపాయాలు మరికొన్ని కూడా ఉన్నాయి.

నాచారంలో పరిశోధించిన క్రిమి

ఆ క్రిమి పేరు హెలికోబాక్టర్ పైలోరీ. కడుపులో పుండుకు మానసిక ఆందోళన, కారం, ఆమ్లం మాత్రమే కారణాలని చాలాకాలం నమ్మారు. అంతటి ఆమ్లంలో ఏ క్రిమీ బ్రతుకజాలదన్నది ఆనాటి అభిప్రాయం. ఆస్ట్రేలియాలోని పెర్త్ నగరంలో రాబిన్ వారెన్, బారీ మార్షల్ అనే ఇద్దరు వైద్యులు జఠరకోశపు ముక్కలలో వంపు తిరిగిన క్రిములను చూశారు. 1982లో ఈస్టర్ సెలవుల మూలంగా అదనపు రోజులు ఉండిపోయిన గాజు పళ్ళెంలో ఆ క్రిమి మొదటిసారి పెరిగింది. నమ్మని లోకాన్ని నమ్మించటానికి 1984లో మార్షల్ ఆ క్రిములు కలిపిన ద్రవాన్ని తానే త్రాగారు. కొద్ది రోజులలో వాంతులు, జఠరకోశపు వాపు వచ్చాయి. ఈ ఇద్దరికీ 2005లో నోబెల్ బహుమతి లభించింది.

ఈ క్రిమికీ మన నాచారానికీ ఒక సంబంధం ఉన్నది. సి.డి.ఎఫ్.డి. అనే పేరుతో ప్రసిద్ధమైన డి.ఎన్.ఎ. పరిశోధన కేంద్రం నేడు ఉప్పల్‌లో ఉన్నది. పూర్వం అది నాచారంలో, ఇ.సి.ఐ.ఎల్. రోడ్డులో పనిచేసేది. అక్కడ డాక్టర్ నియాజ్ అహ్మద్ బృందం భారతీయుల కడుపుల నుండి సేకరించిన హెలికోబాక్టర్ క్రిముల వంశవృక్షాన్ని పరిశీలించి 2007లో ఫలితాలు ప్రకటించింది. క్రిమిలోని ఏడు ముఖ్యమైన జన్యువులను చదివి, ఇతర దేశాల క్రిములతో పోల్చి చూశారు. వారు పరిశీలించిన క్రిములన్నీ ఐరోపా వంశానికి చెందినవిగా తేలాయి. ఈ క్రిమి కుటుంబంలో పెద్దల నుండి పిల్లలకు తరతరాలుగా సంక్రమిస్తూ, మనుషుల వలసలతో పాటే ప్రయాణించింది. అందుచేత దాని జన్యువులలో మానవుల ప్రయాణ చరిత్ర కూడా కొంత దాగి ఉంటుంది.

ఆ బృందం క్రిమి వంశంతో పాటు దాని ఆయుధాలను కూడా పరిశీలించింది. ఆ ఆయుధాల పనితీరు తెలుసుకుంటే మన గృహస్థు కడుపుమంట అర్థమవుతుంది.

హెలికోబాక్టర్ ఆమ్లాన్ని ఎదుర్కోవటానికి యూరియేజ్ అనే పదార్థాన్ని తయారు చేస్తుంది. అది కడుపులోని యూరియాను విడగొట్టి అమ్మోనియాను పుట్టిస్తుంది. క్షారగుణం గల అమ్మోనియా క్రిమి చుట్టూ కవచంలా ఏర్పడి ఆమ్లాన్ని విరుస్తుంది. ఆ కవచంతో క్రిమి తోకల సహాయంతో ఈదుతూ, మర మేకు వలె తిరుగుతూ శ్లేష్మపు పొరలోకి చొచ్చుకుపోతుంది. పొర అడుగున, కణాల సమీపంలో ఆమ్లం తీవ్రత తక్కువ. అక్కడ బాబ్-ఎ వంటి మాంసకృత్తులతో కణాలను పట్టుకుంటుంది.

పట్టు చిక్కిన తరువాత, కొన్ని జాతుల హెలికోబాక్టర్ మరొక పని చేస్తాయి. కాగ్ అనే జన్యు సముదాయం ఉన్న క్రిములు ఇంజక్షన్ సూది వంటి నిర్మాణాన్ని తయారు చేసుకుని, కాగ్-ఎ అనే మాంసకృత్తును నేరుగా మన కణంలోకి ఎక్కిస్తాయి. అది కణం లోపలి ఆజ్ఞలను తారుమారు చేస్తుంది. కణానికీ కణానికీ మధ్య ఉండే బిగువు సడలుతుంది. వాపు ఏర్పడుతుంది. నాచారం పరిశోధకులు భారతీయ క్రిములలోని ఈ కాగ్ సముదాయాన్ని కూడా చదివి, అదీ ఐరోపా పోలికలతోనే ఉన్నదని తెలిపారు.

ప్రపంచ జనాభాలో దాదాపు సగం మందిలో ఈ క్రిమి ఉన్నదని అంచనా. మన దేశంలో చాలామందికి బాల్యంలోనే సోకుతుంది. అధికశాతం మందిలో ఏ బాధా కలిగించదు. నూటికి పది, పదిహేను మందిలో పుండుకు దారితీస్తుంది. చాలా తక్కువ మందిలో, అనేక సంవత్సరాల తరువాత, జఠరకోశపు కాన్సర్‌కు కారణమవుతుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన కాన్సర్ పరిశోధన సంస్థ 1994లో దీనిని నిర్ధారిత కాన్సర్ కారకాల జాబితాలో చేర్చింది.

లోపలికి దూరే క్రిములు

హెలికోబాక్టర్ ప్రధానంగా కణాలను బయటి నుండి పట్టుకుని ఉండేది. కలరా క్రిమి కూడా అంతే. అది చిన్నప్రేగు గోడపై నిలిచి విషాన్ని మాత్రమే లోపలికి పంపుతుంది. ఆ విషానికి కణాలలోని నీరు, లవణాలు ప్రేగులోకి కారిపోయి బియ్యపు కడుగు వంటి విరేచనాలు అవుతాయి. పోయిన నీటిని, లవణాలను వెంటనే తిరిగి భర్తీ చేస్తే మనిషి బ్రతుకుతాడు.

పసిపిల్లల విరేచనాలకు కారణమయ్యే ఒక జాతి ఈ.కోలి మరింత గడుసుది. పట్టుకోవటానికి కణంపై తగిన తాళం లేకపోతే, తాళాన్ని తానే వెంట తెచ్చుకుంటుంది. టిర్ అనే మాంసకృత్తును సూది ద్వారా కణంలోకి పంపి, అది కణం పైపొరలో అమరగానే దానినే పట్టుకుంటుంది. ఈ విచిత్రాన్ని కెనడాలోని వాంకోవర్ శాస్త్రజ్ఞులు 1997లో వెల్లడించారు. పట్టు బిగిసిన చోట కణంపై ఉండే నూగు రాలిపోయి, క్రిమి క్రింద చిన్న పీట వంటి దిమ్మె లేస్తుంది. నూగు నశించిన ప్రేగు ఆహారాన్ని, నీటిని సరిగా పీల్చుకోలేదు.

టైఫాయిడ్ కారకమైన సాల్మొనెల్లా టైఫీ ఇంకొక అడుగు ముందుకు వేస్తుంది. అది కణంలోకే ప్రవేశిస్తుంది. చిన్నప్రేగు చివరి భాగంలో శరీర రక్షణకై ఏర్పడిన చిన్న దిబ్బలు ఉంటాయి. వాటిపై ఉండే ఎమ్ కణాలు ప్రేగులోని పదార్థాన్ని కొంచెం కొంచెంగా రుచి చూసి రక్షకదళానికి అందిస్తూ ఉంటాయి. సాల్మొనెల్లా ఆ ద్వారాన్నే వాడుకుంటుంది. అది కణానికి అంటుకుని సూది గుచ్చుతుంది. సాల్మొనెల్లా జాతి సూదులను శాస్త్రజ్ఞులు ఎలక్ట్రాన్ మైక్రోస్కోపులో చూసి 1998లో ప్రకటించారు. సూది ద్వారా వెళ్ళిన పదార్థాల ప్రభావంతో కణపు పైపొర అలలు అలలుగా లేచి, క్రిమిని కౌగిలించుకుని లోపలికి తీసుకుపోతుంది. ఇదంతా కొద్ది నిమిషాలలో జరుగుతుంది. పని ముగిసిన తరువాత క్రిమి మరొక పదార్థాన్ని పంపి, కణపు పైపొరను తిరిగి యథాస్థితికి తెస్తుంది. దొంగ లోపలికి దూరి తలుపు వేసుకున్నట్లు ఉంటుంది.

ఆ తరువాత టైఫాయిడ్ క్రిమి రక్షకకణాల లోపలే దాగి, కాలేయం, ప్లీహం, ఎముకల మజ్జ వరకు చేరుతుంది. జ్వరం రావటానికి ఒకటి నుండి మూడు వారాలు పట్టేది అందుకే. కొందరిలో, నూటికి ఇద్దరు నుండి ఐదుగురిలో, జ్వరం తగ్గిన తరువాత కూడా పిత్తాశయంలో నిలిచిపోయి మలం ద్వారా బయటకు వస్తూ ఉంటుంది. వారికి ఏ బాధా ఉండదు, కాని వారి చేతి వంట ద్వారా ఇతరులకు సోకవచ్చు.

రక్తం, చీము పడే విరేచనాలకు కారణమైన షిగెల్లాను 1897లో జపాన్ శాస్త్రజ్ఞుడు కియోషి షిగా గుర్తించారు. పది నుండి వంద క్రిములు కడుపులో పడినా ఇది రోగం కలిగించగలదు. ఇది కణంలో చొరబడి, అక్కడి పోగులనే తోకగా మలచుకుని, ఆ ఊపుతో ప్రక్క కణంలోకి దూసుకుపోతుంది. ఒక గదిలో నుండి ప్రక్క గదిలోకి గోడకు కన్నం వేసి వెళ్ళినట్లు, బయటకు రాకుండానే వ్యాపిస్తుంది.

వంటింటి వైద్యం ఎంతవరకు?

ఇక్కడ ఒక సూత్రం తేలుతుంది. క్రిమి పట్టు చిక్కించుకోక ముందు మన వంటిల్లు చాలా చేయగలదు. పట్టు చిక్కి, లోపలికి దూరిన తరువాత వంటింటి పదార్థాలు సహాయకులే కాని ప్రధాన వైద్యులు కావు.

పట్టును తప్పించే ఔషధాలలో అగ్రస్థానం తల్లిపాలది. ముర్రుపాలలోను, తరువాతి పాలలోను ఉండే రక్షక పదార్థాలు క్రిములను చుట్టుముట్టి కట్టిపడవేస్తాయి. అంతేకాదు, శిశువు జీర్ణించుకోలేని కొన్ని చక్కెర గొలుసులు తల్లిపాలలో విస్తారంగా ఉంటాయి. ఇవి ప్రేగు గోడపై ఉండే గ్రాహకాల పోలికలో ఉండి, క్రిములను తమకే అంటుకునేట్లు చేసి బయటకు తీసుకుపోతాయి. శిశువు ఆకలి తీర్చటానికి ఉపయోగపడని ఈ పదార్థాలు తల్లిపాలలో ఎందుకున్నాయన్న ప్రశ్నకు ఇది ఒక జవాబు. ఆరు నెలలు నిండేవరకు తల్లిపాలు మాత్రమే ఇవ్వాలని వైద్యులు పట్టుపట్టే కారణాలలో ఇదొకటి. ముర్రుపాలను పిండి పారబోయటం ఎంతటి నష్టమో గ్రహించండి.

మజ్జిగలోని సూక్ష్మజీవులు ప్రేగులలోని సహజ జీవుల పక్షాన నిలుస్తాయి. కాచి చల్లార్చిన నీటితో చిలికిన తాజా మజ్జిగ, అందులో చిటికెడు ఉప్పు, వేయించిన జీలకర్ర పొడి ఇంటిల్లిపాదికీ మంచిది. శుభ్రం కాని నీరు కలిపిన మజ్జిగ మాత్రం రోగాన్ని పంచిపెడుతుంది.

అతిమధురం వేరులోని జిగురు జాతి పదార్థాలు హెలికోబాక్టర్ జఠరకోశపు కణజాలానికి అంటుకోకుండా కొంత అడ్డుపడతాయని 2009లో ప్రకటించిన ప్రయోగశాల పరిశీలనలో తేలింది. పసుపు సారానికి ఆ క్రిమిని చంపే శక్తి, అంటుకోవటాన్ని తగ్గించే శక్తి ఉన్నాయని 2005లో మరొక పరిశీలన తెలిపింది. పాఠకులు జాగ్రత్తగా గమనించవలసిన సంగతి ఏమంటే, ఇవి గాజు పాత్రలలో లభించిన ఫలితాలు. మనిషి కడుపులో శ్లేష్మపు పొర అడుగున స్థిరపడిన క్రిమిని పసుపు గాని, అతిమధురం గాని నిర్మూలిస్తాయని ఋజువు కాలేదు. అతిమధురం ఎక్కువకాలం వాడితే రక్తపోటు పెరుగుతుంది, శరీరంలో పొటాషియం తగ్గుతుంది. రక్తపోటు, గుండె జబ్బు గలవారు, గర్భిణులు వాడరాదు.

విరేచనాలు పట్టుకున్నప్పుడు ముఖ్యమైన గృహవైద్యం నీటిని భర్తీ చేయటం. ఒక లీటరు కాచి చల్లార్చిన నీటిలో ఆరు చిన్న చెంచాల చక్కెర, అర చిన్న చెంచా ఉప్పు, రెండూ తలకొట్టి కొలిచి, కలిపి కొద్దికొద్దిగా త్రాగించాలి. ఉప్పు ఈ కొలత మించరాదు. ఉప్పు కలిపిన గంజి, మజ్జిగ, పసిబిడ్డకు తల్లిపాలు కొనసాగించాలి. దుకాణంలో దొరికే ఓ.ఆర్.ఎస్. పొట్లం ఉంటే అదే శ్రేష్ఠం.

విరేచనం కట్టే బిళ్ళలను సొంతంగా వేయకండి. ప్రేగుల కదలిక శరీరపు రక్షణలలో ఒకటని పైన చెప్పుకున్నాము. రక్తం, జ్వరం ఉన్న విరేచనాలలో ఆ కదలికను ఆపితే క్రిమికి గోడను పట్టుకోవటానికి, లోపలికి దూరటానికి మనమే వ్యవధి ఇచ్చినట్లవుతుంది. పసిపిల్లలకు ఈ బిళ్ళలు ప్రాణాపాయం కూడా.

వైద్యుని వద్దకు ఎప్పుడు?

ఖాళీ కడుపున లేదా రాత్రివేళ మంట, నొప్పి తరచుగా వస్తున్నవారు వైద్యుని సంప్రదించి హెలికోబాక్టర్ పరీక్ష చేయించుకోవాలి. శ్వాస పరీక్ష, మల పరీక్ష, ఎండోస్కోపీ ద్వారా తీసిన చిన్న ముక్క పరీక్ష — వీటిలో తగినదానిని వైద్యుడు నిర్ణయిస్తారు. శ్వాస పరీక్ష క్రిమి తయారు చేసే యూరియేజ్‌నే పట్టి చూపుతుంది. ఆమ్లాన్ని అణచే మందులు రెండు వారాల ముందు నుండి, యాంటీబయాటిక్స్ నాలుగు వారాల ముందు నుండి ఆపి ఉండకపోతే క్రిమి ఉన్నా లేనట్లు కనిపించవచ్చు. అందుచేత వాడుతున్న మందులన్నీ వైద్యునికి ముందే చెప్పండి. కీళ్ళనొప్పులకు వాడే బిళ్ళలు కూడా పుండును కలిగిస్తాయి. ఆ సంగతీ దాచకండి.

క్రిమి ఉన్నదని తేలితే రెండు, మూడు రకాల యాంటీబయాటిక్స్, ఆమ్లాన్ని తగ్గించే మందు కలిపి సాధారణంగా రెండు వారాలు ఇస్తారు. నాలుగవ రోజుకే మంట తగ్గిందని మానివేస్తే మిగిలిన క్రిములు మందులకు లొంగనివిగా తయారవుతాయి. మన దేశంలో ఈ సమస్య ఇప్పటికే తీవ్రంగా ఉన్నది. చికిత్స ముగిసిన నాలుగు వారాల తరువాత, క్రిమి పోయిందో లేదో మళ్ళీ పరీక్ష చేయించుకోవాలి.

తారు వలె నల్లని విరేచనం, రక్తపు వాంతి, కారణం లేకుండా బరువు తగ్గటం, మ్రింగటంలో కష్టం, రక్తహీనత, నలభై ఐదు దాటిన తరువాత క్రొత్తగా మొదలైన అజీర్ణం — వీటిలో ఏ ఒక్కటి ఉన్నా గృహవైద్యంతో కాలయాపన చేయరాదు. పిల్లలలో కళ్ళు లోతుకు పోవటం, మూత్రం తగ్గటం, మగతగా పడి ఉండటం, విరేచనంలో రక్తం కనిపిస్తే అదే రోజు ఆసుపత్రికి తీసుకువెళ్ళాలి. మూడు రోజులు దాటిన జ్వరానికి టైఫాయిడ్ కోసం రక్తపు కల్చర్ పరీక్ష అడగండి. విడాల్ పరీక్ష ఒక్కదానిపై ఆధారపడటం సరికాదు.

పట్టు చిక్కకుండా చూసుకుందాం

నల్లా నీరైనా, బోరు నీరైనా, ట్యాంకరు నీరైనా, అనుమానం ఉన్నప్పుడు తెర్లేవరకు కాచి, మూత పెట్టి ఉంచండి. కుండలో చేయి ముంచకుండా పిడి ఉన్న గరిటెతో తీసుకోండి. మలవిసర్జన తరువాత, వంటకు ముందు, బిడ్డకు తినిపించే ముందు సబ్బుతో చేతులు కడగండి. ఈ ఒక్క అలవాటు పైన చెప్పిన క్రిములలో చాలావాటిని నోటి దాకా రానివ్వదు. పెద్దలు నమిలిన ముద్ద పిల్లల నోట పెట్టకండి. వానకాలంలో వీధి బండ్లపై తరిగి ఉంచిన పండ్లను, చట్నీలను మానండి.

టైఫాయిడ్‌కు టీకా ఉన్నది. ఆరు నెలలు నిండిన శిశువులకు కూడా ఇవ్వదగిన సంయుక్త టీకాను హైదరాబాదుకు చెందిన భారత్ బయోటెక్ సంస్థ తయారు చేసింది. 2013లో మన దేశంలో అనుమతి లభించింది. 2017 డిసెంబరులో ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రాథమిక ఆమోదం పొందింది. మీ పిల్లల వైద్యుని అడిగి వేయించండి. టీకా వేయించినా నీటి శుభ్రత మానరాదు.

మొదట చెప్పుకున్న గృహస్థు విషయానికి వద్దాం. ఆయన కడుపులో ఉన్నది హెలికోబాక్టరే అయితే, ఆయన త్రాగే సోడా దాని పట్టును సడలించలేదు. ఒక పరీక్ష, రెండు వారాల మందులు, వేళకు భోజనం — వీటితో ఏళ్ళ తరబడి సాగిన బాధ తీరవచ్చు. పట్టు పడిన క్రిమిని వదిలించటం వైద్యుని వంతు. పట్టు పడకుండా చూడటం ఇంటి వంతు. ఈ రెండింటినీ ఒకదానితో ఒకటి కలగాపులగం చేయని ఇల్లు ఆరోగ్యంగా ఉంటుంది.